నాలుగు మూతలు లేవని నాలుగు వీల్స్ తూకానికి వేయకండి

కోనసీమలో పాత కార్లకు కొదవ లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా రేకుల షెడ్డు కిందో, కొబ్బరిచెట్ల మధ్యో ఒక ఎస్టీమో, మొదటి తరం హోండా సిటీయో, పాత శాంత్రోయో కనబడుతుంది. చాలా కార్ల వెనుక ఒక గల్ఫ్ కథ ఉంటుంది. కువైట్‌లోనో ఖతర్‌లోనో ఏళ్లకేళ్లు కష్టపడి, ఇల్లు కట్టి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, ఆఖర్న తన కోసమని కొనుక్కున్న కారు అది. ముచ్చటపడి అల్లాయ్ వీల్స్ కూడా వేయించుకున్నారు. ఇప్పుడు ఇంజిన్ బాగానే ఉంది, పెయింటు పర్వాలేదు. వీల్ మధ్యలో ఉండాల్సిన మూత, అంటే సెంటర్ క్యాప్ మాత్రం నాలుగింటిలో రెండు లేవు. ఎప్పుడు పోయాయో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

చూడ్డానికి ఇది చిన్న విషయమే. అసలు నష్టం దీని తర్వాత మొదలవుతుంది. షాపుకెళ్లి క్యాప్ అడిగితే "ఈ మోడల్‌కి ఇప్పుడు రావట్లేదండి, సెట్టు మార్చేయండి" అంటారు. పాత వీల్స్ ఎక్స్ఛేంజిలో దాదాపు అల్యూమినియం తూకం ధరకే పోతాయి. వాటి స్థానంలో వచ్చే కొత్త సెట్టు ఎవరు తయారు చేశారో, కారుకి సరిగ్గా సరిపోతుందో లేదో అడిగేవాళ్లు తక్కువ. నాలుగు ప్లాస్టిక్ ముక్కలు దొరకలేదని, ముప్పై ఏళ్లు బరువు మోసిన మంచి వీల్స్ కరిగించడానికి వెళ్లిపోతాయి. లెక్క ప్రకారం చూస్తే ఇంతకన్నా నష్టపు బేరం ఉండదు.

"దొరకదు" అనే మాటలో చాలాసార్లు నిజం సగమే. ఏ క్యాప్ కావాలో కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ స్పష్టంగా తెలియకపోవడం వల్లే అది దొరకదు.

కారు పేరు చెప్తే సరిపోదు

"ఎస్టీమ్‌కి సెంటర్ క్యాప్ ఉందా?" అని అడగడంతోనే దారి తప్పుతున్నాం. క్యాప్ కారుని బట్టి రాదు, వీల్‌ని బట్టి వస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన వీల్స్ ఉంటేనే కారు పేరు పనికొస్తుంది. మన దగ్గర చాలా పాత కార్లకి అల్లాయ్‌లు తర్వాత బయట వేయించినవే. ఒక కారు వీల్స్ విప్పి ఇంకో కారుకి బిగించడం కూడా మామూలే.

లోగో చూసి నమ్మడం ఇంకా ప్రమాదం. హోండా గుర్తు నిటారు హెచ్, హ్యుందాయ్ గుర్తు వాలిన హెచ్. దూరం నుంచి తీసిన వాట్సాప్ ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. పైగా పాత సిటీకీ, పాత శాంత్రోకీ నాలుగు నట్లే, ఆ నట్ల వలయం కొలత కూడా 100 మిల్లీమీటర్లే. అందుకే వాటి వీల్స్ ఒకదానికొకటి తగిలించిన కార్లు కనిపిస్తాయి. హోండా కారుకి హ్యుందాయ్ వీల్ ఉంటే, దానికి హోండా క్యాప్ తెప్పించి ఏం లాభం? లోపల క్లిప్పు పట్టదు. పట్టినట్టే అనిపించినా మొదటి స్పీడు బ్రేకర్ దగ్గరే ఎగిరి కాలువలో పడుతుంది.

వింటేజ్ అనే మాట గురించి

అమ్మేవాళ్లు పాతబడిన ప్రతిదాన్నీ వింటేజ్ అనేస్తారు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనమే వింటేజ్. దానికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు సిరీస్ ఇస్తారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మొట్టమొదటి మారుతి 800 కూడా ఆ లెక్కన 2033 దాకా ఆగాల్సిందే.

ప్రపంచంలో అల్యూమినియం వీల్ కథ చాలా పాతది. 1924లో బుగాటి టైప్ 35 రేసు కారుకి పోత పోసిన అల్యూమినియం వీల్స్ వచ్చాయి. 1966లో పోర్షే 911 ఎస్ కోసం జర్మనీ కంపెనీ ఫుక్స్ ఫోర్జింగ్ పద్ధతిలో చేసిన వీల్స్‌ని ఇప్పటికీ కాపీ కొడుతూనే ఉన్నారు. మన అంబాసిడర్‌కీ, ప్రీమియర్ పద్మినికీ మాత్రం ఇనుప డిస్కులు, వాటి మీద మెరిసే క్రోమ్ మూతలే. మన రోడ్ల మీద అల్లాయ్‌లు ఎక్కువైంది 1990లలో. 1993లో జెన్, 1994లో ఎస్టీమ్, 1995లో సియెలో, 1996లో ఓపెల్ ఆస్ట్రా, 1998లో హోండా సిటీ, లాన్సర్, శాంత్రో వరసగా దిగాయి. ఆ కార్ల మోజుతో పాటే బయట వీల్స్ అమ్మే వ్యాపారమూ పెరిగింది. కాబట్టి కోనసీమలో "వింటేజ్ అల్లాయ్" అంటే ఎక్కువగా ఆ కాలపు వీల్ అనే అర్థం చేసుకోవాలి.

వీల్ విప్పి వెనక్కి తిప్పండి

వీల్ ముందు వైపు అందం ఉంటుంది, వెనక వైపు దాని బయోడేటా ఉంటుంది. కారుకి ఉండగానే టార్చి వేసి చూస్తే కొంతే కనబడుతుంది. జాకీ పెట్టి ఒక్క వీల్ విప్పడమే మంచిది. సబ్బునీళ్లు, పాత పళ్ల బ్రష్షు చాలు. యాసిడ్ జోలికి పోవద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. అక్షరాలు అరిగిపోయి కనబడకపోతే సుద్దముక్క రుద్ది పైపైన తుడవండి, గుంటల్లో తెలుపు నిలుస్తుంది. లేదా పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం కదా, అదే పద్ధతి.

ముందు కనబడేది సైజు. ఉదాహరణకి 13×5జే అని ఉంటే 13 అంగుళాల వ్యాసం, 5 అంగుళాల వెడల్పు. జే అనే అక్షరం టైరు అంచు కూర్చునే చోటు ఆకారాన్ని చెప్తుంది. దాని పక్కన ఈటీ 35 లాంటి అంకె ఉంటే అది ఆఫ్‌సెట్. హబ్‌కి ఆనుకునే తలం వీల్ మధ్యగీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో అది చెప్తుంది. ఇది బాగా తేడా వస్తే వీల్ లోపల సస్పెన్షన్‌కి రాసుకుంటుంది, లేకపోతే బయటకు పొడుచుకొచ్చి బేరింగు మీద బరువు పెంచుతుంది.

తర్వాత తయారుచేసిన కంపెనీ పేరు. ఎన్‌కీ, టోపీ అని ఉంటే జపాన్. రోనల్, ఏటీఎస్, బీబీఎస్ అంటే జర్మనీ. ఓజెడ్, స్పీడ్‌లైన్ అంటే ఇటలీ. హోండా, టయోటా లాంటి కార్ల కంపెనీలు కూడా వీల్స్‌ని ఇలాంటి పోతగాళ్ల దగ్గరే చేయించుకుంటాయి. అందుకే ఒకే వీల్ మీద కారు కంపెనీ గుర్తు, వీల్ కంపెనీ గుర్తు రెండూ ఉండొచ్చు. అది నకిలీకి గుర్తు కాదు.

జేడబ్ల్యూఎల్ అనే ముద్ర చాలా వీల్స్ మీద ఉంటుంది. దాన్ని కంపెనీ పేరు అనుకుని "జేడబ్ల్యూఎల్ క్యాప్ కావాలి" అని అడిగేవాళ్లున్నారు. అది జపాన్ ప్రభుత్వ ప్రమాణం పేరు. ట్రక్కులకీ, బస్సులకీ అయితే చివర టీ అక్షరం కలుస్తుంది. పక్కన వీఐఏ అని ఉంటే జపాన్‌లోని పరీక్షా సంస్థ దగ్గర ఆ వీల్ నమోదైందని. ఈ రెండు ముద్రలతో వీల్ ఎవరు చేశారో తెలియదు. పైగా చవక కాపీల మీద ఈ ముద్రలు ఊరికే వేసేసేవాళ్లూ ఉన్నారు. కేబీఏ అనే అక్షరాల పక్కన అయిదంకెల నంబరు ఉంటే మాత్రం అదృష్టమే. అది జర్మనీ రవాణా శాఖ ఇచ్చిన ఆమోద సంఖ్య. ఇంటర్నెట్‌లో ఆ నంబరు కొడితే వీల్ కంపెనీ, మోడల్ పేరు బయటపడే అవకాశం ఎక్కువ.

గడియారం ముఖంలా చిన్న గుండ్రటి గుర్తు ఉందేమో చూడండి. చుట్టూ నెలలు, మధ్యలో బాణం, రెండంకెల ఏడాది ఉంటాయి. వీల్ పోత పోసిన తేదీ అది. 1994 మోడల్ కారుకి 2006లో పోసిన వీల్ ఉందంటే, అది కారుతో వచ్చింది కాదని ఇంకేం అడగక్కర్లేకుండా తేలిపోతుంది.

నంబరే అసలు పేరు

కారు కంపెనీ వీల్ అయితే వెనక పార్ట్ నంబరు ఉండొచ్చు. క్యాప్ వెనక అయితే దాదాపు ఖాయంగా ఉంటుంది. నాలుగింటిలో ఒక్క క్యాప్ మిగిలినా చాలు, దాన్ని ఊడదీసి వెనక చదవండి. కంపెనీల నంబర్లకి ఒక పద్ధతి ఉంది. హ్యుందాయ్‌లో అల్లాయ్ వీల్ నంబరు 52910తో, దాని క్యాప్ 52960తో మొదలవుతాయి. హోండాలో వీల్ 42700, క్యాప్ 44732. టయోటాలో వీల్ 42611, క్యాప్ 42603. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో నంబరు మధ్య 601 అని ఉంటే అది వీల్ కుటుంబానికి చెందిన సామానే. బీఎండబ్ల్యూలో 36 13తో మొదలవుతుంది. మెర్సిడెస్‌లో మొదటి మూడంకెలు ఏ మోడల్ కోసం చేశారో చెప్తాయి. 124 అంటే 1995 ప్రాంతంలో పుణెలో బిగించిన ఆ పాత ఇ-క్లాస్ తరం.

ఈ మొదటి అంకెలు తెలిస్తే ఒక మేలుంది. కొట్టువాడు పంపిన ఫొటోలో హోండా క్యాప్ అని చెప్తూ వెనక 52960 కనబడితే, డబ్బు పంపకముందే బేరం ఆపేయొచ్చు.

టేపుతో కాదు, వెర్నియర్‌తో

నంబర్లేవీ దొరక్కపోతే కొలతలే దిక్కు. అందులో మొదటిది పీసీడీ, అంటే నట్టు కన్నాల మధ్య గుండా గీసిన వలయం వ్యాసం. నాలుగు కన్నాల వీల్‌కి ఎదురెదురు కన్నాల మధ్యబిందువుల దూరం కొలిస్తే చాలు. కన్నం మధ్యబిందువు పట్టుకోవడం కష్టం కాబట్టి ఒక కన్నం బయటి అంచు నుంచి ఎదుటి కన్నం లోపలి అంచు దాకా కొలవండి, అదే అంకె వస్తుంది. అయిదు కన్నాలుంటే ఎదురుగా కన్నం ఉండదు. పక్కపక్క కన్నాల మధ్య దూరం కొలిచి 1.701తో గుణించాలి. 67.2 మిల్లీమీటర్లు వస్తే 5×114.3. 65.8 వస్తే 5×112. 58.8 వస్తే 5×100. 70.5 వస్తే 5×120. అంకెల్లో తేడా చూడండి, 114.3కీ 112కీ పక్క కన్నాల దగ్గర మిల్లీమీటరున్నర తేడా కూడా లేదు. దర్జీ టేపుతో ఇది తేలదు. షెడ్డులో వెర్నియర్ కాలిపర్ ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఆ చిన్న తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఫియట్ పాలియో లాంటి కార్లది 4×98, మిగతా ఎన్నో చిన్న కార్లది 4×100. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్న వీల్‌ని బలవంతంగా తోస్తే స్టడ్ల మీద ఎక్కేస్తుంది. నట్టు కూడా తిరుగుతుంది. కానీ స్టడ్డు వంకరగా లాగబడి ఉంటుంది, నట్టు పూర్తిగా కూర్చోదు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత నట్టు వదులవుతుంది, లేదా స్టడ్డు తెగుతుంది. అది చించినాడ వంతెన మీద తెగుతుందో, కాలువ గట్టు మీద తెగుతుందో చెప్పలేం. మారుతి 800ది 4×114.3, 12 అంగుళాల వీల్. దానికి శాంత్రో వీల్ ఎక్కదు. ఎక్కించడానికి కన్నాలు సాగదీసి ఇస్తామనే వాళ్లని నమ్మొద్దు.

రెండో కొలత సెంటర్ బోర్, వీల్ మధ్య కన్నం వెనక వైపు వ్యాసం. పాత శాంత్రోది 54.1, హోండాది 56.1. హోండా వీల్ శాంత్రో హబ్ మీద రెండు మిల్లీమీటర్లు వదులుగా కూర్చుంటుంది, 80 దాటితే స్టీరింగు వణుకుతుంది. ఆ సందు పూడ్చే రింగు వేసుకోవాలి. శాంత్రో వీల్ అయితే హోండాకి అసలు ఎక్కదు.

ఇంకో ఆనవాలు నట్టు కూర్చునే గుంట. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ, వీల్ పుట్టుక చెప్పడంలో ఇది గట్టి సాక్షి. హోండా కంపెనీ వీల్స్‌కి ఆ గుంట బంతి ఆకారంలో గుండ్రంగా ఉంటుంది. టయోటా పాత అల్లాయ్‌లలో చాలావాటికి చదునుగా ఉండి నట్టుకి వాషర్ వస్తుంది. బయట మార్కెట్ వీల్స్‌కి దాదాపు అన్నిటికీ శంకువు ఆకారం. హోండా కారు, వీల్‌కి శంకువు గుంటలు ఉన్నాయంటే అది హోండా ఇచ్చిన వీల్ కాదనే అనుకోవచ్చు. ఏ గుంటకి ఆ నట్టే వేయాలి. గుండ్రటి గుంటలో శంకువు నట్టు బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది. నట్టు మరలు కూడా ఒకటి కాదు. సుజుకీవి 1.25 పిచ్, హోండా, టయోటా, హ్యుందాయ్‌లవి 1.5.

క్యాప్ కొలత ఒకటి కాదు, మూడు

"60 ఎంఎం క్యాప్" అని అడిగితే ఎదుటివాడు ఏ 60 అనుకుంటాడో తెలియదు. ముఖం బయటి వ్యాసం ఒకటి. వెనక క్లిప్పుల అంచు నుంచి అంచుకి ఉన్న వ్యాసం రెండోది. క్లిప్పు ఎంత పొడవు, అంటే వీల్‌లో గాడి ఎంత లోతున ఉంది అన్నది మూడోది. ముఖం కొలత కుదిరి క్లిప్పు కొలత కుదరని క్యాప్‌లే ఎక్కువగా వెనక్కి వెళ్తాయి. క్యాప్ ఒక్కటి కూడా మిగలకపోతే వీల్ కన్నాన్నే కొలవాలి. ముందు వైపు వ్యాసం, లోపల గాడి దగ్గర వ్యాసం, ముందు అంచు నుంచి గాడి దాకా లోతు రాసుకోండి.

క్యాప్ ఎలా పడుతుందో కూడా చూడాలి. ముందు నుంచి నొక్కితే క్లిక్కుమని కూర్చునేవి ఎక్కువ. కొన్ని పాత జపాన్ వీల్స్‌కి మాత్రం వెనక నుంచే తోయాలి, అంచు అడ్డం పడి ముందుకు రాకుండా ఆగుతుంది. ఇవి వీల్ విప్పకుండా ఊడవు. స్క్రూడ్రైవర్ పెట్టి ముందు నుంచి తవ్వితే క్యాప్ విరగడం, వీల్ గీసుకుపోవడం తప్ప ఏమీ జరగదు. చిన్న స్క్రూలతో పట్టేవి, మరలతో తిరిగేవి, లోపల స్ప్రింగు తీగ వలయం ఉండేవి కూడా ఉన్నాయి. తీగ వలయం ఉన్న క్యాప్‌లో ప్లాస్టిక్ బాగుండి వలయం ఒక్కటే పోతే కొత్త క్యాప్ అక్కర్లేదు, సరిపడా స్ప్రింగు తీగ వంచుకుంటే పని అయిపోతుంది.

ఎక్కడ వెతకాలి

కంపెనీ వీల్, పార్ట్ నంబరు రెండూ ఉంటే ముందు ఆ కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్లోనే అడగండి. కారు ఆగిపోయినా, అదే క్యాప్ తర్వాతి మోడల్‌కి కొనసాగిన సందర్భాలున్నాయి. నంబరు చెప్తే కంప్యూటర్‌లో ఒక్క నిమిషం పని.

అక్కడ లేదంటే పాత సామాను మార్కెట్లు. కోనసీమకి దగ్గరలో రాజమహేంద్రవరం, కాకినాడ, వాటికన్నా పెద్దది విజయవాడ జవహర్ ఆటోనగర్. తర్వాత హైదరాబాద్‌లో రాణిగంజ్, చెన్నైలో పుదుపేట, ముంబయిలో కుర్లా, కోల్‌కతాలో మల్లిక్ బజార్, ఢిల్లీలో మాయాపురి. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి సరుకు కొరియర్‌లోనో, ఆర్టీసీ కార్గోలోనో రావాలి. నాలుగు క్యాప్‌లంటే అర కిలో కూడా ఉండవు, రవాణా ఖర్చు పెద్ద లెక్క కాదు.

ఈ మార్కెట్లలో బేరం ఎక్కువగా హిందీ, ఉర్దూల్లోనే నడుస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకి ఇది కలిసొచ్చే విషయం. "ఆగే కా ఫేస్, పీఛే కా క్లిప్, దోనో కా నాప్ భేజో భాయ్" అని ఒక్క ముక్క పెడితే ఎదుటివాడికి మీరు తెలిసిన మనిషని అర్థమవుతుంది. మీ వైపు నుంచి పంపే ఫొటోలు నాలుగు చాలు. వీల్ ముందు వైపు నిటారుగా ఒకటి, వెనక అక్షరాలు ఒకటి, కన్నం మీద వెర్నియర్ పెట్టి అంకె కనబడేలా ఒకటి, మిగిలిన క్యాప్ వెనక ఒకటి.

గల్ఫ్‌లో ఉన్న బంధువులూ పనికొస్తారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వాడిన స్పేర్ పార్టుల కొట్లు వరసలుగా ఉన్నాయి. కువైట్‌లో షువైఖ్, అమ్ఘరా అలాంటివే. జపాన్, జర్మనీ వీల్స్ క్యాప్‌లు మన దగ్గరకన్నా అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. అక్కడ పనిచేసే తమ్ముడికో, మామయ్యకో పార్ట్ నంబరు పంపండి. ఫొటో మాత్రం పంపి "ఇలాంటిది చూడు" అంటే శుక్రవారం సెలవు పాడైపోతుంది, తెచ్చిందీ సరిపోదు.

ఒక జాగ్రత్త. పాత సామానులో దొంగ సామాను కలుస్తుంది. మీరట్‌లో పెద్ద పేరున్న సోతీగంజ్ మార్కెట్‌ని 2021 చివర్లో పోలీసులు మూయించింది దొంగ బండ్ల విడిభాగాల వ్యవహారంలోనే. క్యాప్‌ల సంగతి అలా ఉంచితే, పూర్తి వీల్స్ సెట్టు కొన్నప్పుడు బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఎక్కడా దొరక్కపోతే

లోగో లేని ఉత్త క్యాప్‌లు అన్ని కొలతల్లో కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో వస్తాయి. మూడు కొలతలూ కుదిరేది తీసుకుని పైన గుండ్రటి లోగో స్టిక్కర్ అతికించుకోవచ్చు. మెర్సిడెస్ 75, బీఎండబ్ల్యూ 68 మిల్లీమీటర్ల క్యాప్‌లకైతే కాపీలు కొల్లలు. వాడుకోవడానికి తప్పులేదు, అసలువని చెప్పి అమ్మితేనే తప్పు.

ఒక్క క్యాప్ మిగిలి ఉంటే దాన్నే నమూనాగా పెట్టి లేత్ మీద నైలాన్‌తోనో అల్యూమినియంతోనో తీయించుకోవచ్చు. వరి కోత మిషన్లు, మోటారు పంపులు బాగుచేసే లేత్ షాపులు మన దగ్గర ఉన్నాయి, వాళ్లకి ఇది పెద్ద పనేం కాదు. క్లిప్పుల బదులు రబ్బరు ఓ-రింగు పట్టేలా గాడి తీయించండి, బిగుతుగా కూర్చుంటుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్ కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే ఏ ప్లాస్టిక్‌తో చేస్తున్నారో అడగాలి. చవగ్గా చేసే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండకి బ్రేకు వేడి తోడైతే అది వంగిపోతుంది. ఏబీఎస్ గానీ ఏఎస్ఏ గానీ 100 డిగ్రీల దాకా నిలబడతాయి.

దీనికంతటికీ ముందు వీల్ బతికుందో లేదో చూసుకోవాలి. టైరు గాలి నింపి సబ్బునీళ్లు పోయండి. అంచు దగ్గర బుడగలొస్తే తుప్పు, మధ్యలో వస్తే పగులు. నట్టు కన్నాల చుట్టూ, చువ్వల మొదట్లో వెంట్రుక లాంటి గీత కనబడితే ఆ వీల్‌కి క్యాప్ వెతకడం దండగ. అల్లాయ్ పగులుని వెల్డింగ్ చేస్తామంటారు. వేడికి ఆ చుట్టుపక్కల లోహం బలం పోతుంది. రోడ్డు మీద తిప్పే వీల్‌కి ఆ పని చేయించొద్దు.

వీల్స్ మార్చక తప్పకపోతే కొత్త సైజు ఆర్సీకీ, కంపెనీ ఇచ్చిన టైరు సైజుకీ లోబడి ఉండాలి. వాహనాన్ని కంపెనీ నిర్దేశాలకి విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. 15 ఏళ్లు దాటిన కారు అయిదేళ్లకోసారి రెన్యువల్‌కి వెళ్లాల్సిందే. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000కి పెరిగింది. అంత కట్టి తీసుకెళ్లిన కారుని ఫెండర్ దాటి బయటకొచ్చిన వీల్స్ వల్ల వెనక్కి పంపితే ఎవరికి నష్టం?

ఉప్పు గాలికి మూత అవసరమే

సెంటర్ క్యాప్ లేకపోతే కారు నడవదా అంటే నడుస్తుంది. అయితే దాని కింద ఉండే ఇంకో మూతని దీనితో కలిపేయకూడదు. చాలా పాత కార్లలో హబ్ మీద చిన్న రేకు గిన్నె లాంటిది ఉంటుంది. బేరింగు గ్రీజులోకి నీళ్లు, ఇసుక పోకుండా కాపాడేది అదే. అది పోయిందంటే మాత్రం ఆ రోజే వేయించాలి, లేకపోతే బేరింగు అరుస్తుంది. 2022 జులై వరదల్లాగా లంక గ్రామాల్లో నీళ్లు నిలిచినప్పుడు మునిగిన కార్లకైతే క్యాప్‌లు విప్పి, బేరింగు గ్రీజు మార్పించాకే తిప్పాలి.

సెంటర్ క్యాప్ చేసే పని ఇంకోటి. ముందు చక్రాల కార్లలో ఇరుసు చివరి పెద్ద నట్టు సరిగ్గా ఆ కన్నంలోనే ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి మూత లేని నట్టు త్వరగా తుప్పు పడుతుంది. రేపు ఇరుసు పని వచ్చి అది విప్పాలంటే మెకానిక్ గ్యాస్ కట్టర్ పట్టుకోవాల్సి వస్తుంది. అల్యూమినియం వీల్, ఇనుప హబ్ కలిసేచోట తేమ చేరితే తెల్లటి పొడి పేరుకుని వీల్ హబ్‌కి అతుక్కుపోతుంది. వీల్ విప్పిన ప్రతిసారీ ఆ తలాన్ని వైరు బ్రష్షుతో శుభ్రం చేసి పల్చగా గ్రీజు పూయించండి. నట్టు మరలకి, నట్టు కూర్చునే గుంటకి మాత్రం అంటనివ్వకండి.

క్యాప్‌లు పోయేది ఎక్కువగా రోడ్డు మీద కాదు, పంక్చర్ షాపులో. వీల్ విప్పేటప్పుడు క్యాప్ తీసి పక్కన బల్ల మీద పెడతారు, వర్షం వస్తుంది, హడావిడిలో మర్చిపోతారు. క్యాప్ తీయగానే డాష్‌బోర్డు మీద పెట్టించండి. నాలుగింటి వెనకా చెరగని మార్కర్‌తో బండి నంబరు, పార్ట్ నంబరు రాసి, ఫొటో తీసి ఆర్సీ ఫొటోతో పాటు ఫోన్లో దాచుకోండి. కొత్తగా తెప్పించేటప్పుడు నాలుగుకి బదులు అయిదు తెప్పించి, ఒకటి స్టెప్నీ కింద గుడ్డలో చుట్టి పెట్టుకోండి.